పెళ్ళి క్యాసెట్‌లో తాత ఉన్నాడు, తాత మాట లేదు

ఇంటికి వీడియో కెమెరా కొనేముందు చూసుకోవలసిన సంగతులు

జగిత్యాల జిల్లాలో గోదావరికి దగ్గరగా ఉన్న ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇంటి బీరువా కింది అరలో, పాత చీరముక్కలో చుట్టి, రెండు నల్లని వీడియో క్యాసెట్లు ఉన్నాయి. 1991లో ఆ ఇంటి ఆడపడుచు పెళ్ళికి తీయించినవి. ఆ పెళ్ళిలో బిడ్డను అత్తవారింటికి సాగనంపిన ఇంటి పెద్ద ఏడేళ్ళ తరువాత కన్నుమూశాడు. ఆయన ఫోటోలు మూడే మూడు ఉన్నాయి. ఆయన నడిచేది, నవ్వేది చూడాలంటే ఆ క్యాసెట్లే దిక్కు.

ఇంట్లోని వి.సి.ఆర్. ఎప్పుడో చెడిపోయింది. ఇరవై ఏళ్ళుగా క్యాసెట్లను ఎవరూ చూడలేదు. వచ్చే మాఘమాసంలో మనుమరాలి పెళ్ళి. దుబాయిలో పనిచేసే తండ్రి పెళ్ళికి పదిహేను రోజుల ముందు వస్తున్నాడు. "వీడియో కెమెరా ఒకటి పట్టుకరావాల్నా? ఎసొంటిది తేవాలె?" అని ఫోనులో అడిగాడు. డిగ్రీ చదివిన మనుమరాలు ఆ సంగతులు వాకబు చేయడం మొదలుపెట్టింది. పనిలో పనిగా పాత క్యాసెట్లను కూడా పట్టణంలో ఒక స్టూడియోకు తీసుకుపోయింది. అక్కడ పాత వి.సి.ఆర్. ఒకటి ఇంకా పనిచేస్తోంది.

వారం రోజులకు క్యాసెట్లలోని బొమ్మ పెన్ డ్రైవ్‌లో ఇంటికి వచ్చింది. టి.వి.కి పెట్టారు. ఎనభై దాటిన నాయినమ్మ టి.వి. ముందుకు కుర్చీ జరుపుకుని కూర్చుంది. బొమ్మ మీద గీతలున్నా మనుషులు ఆనవాలు పట్టేటట్టే ఉన్నారు. పందిట్లో పెద్దాయన తిరుగుతున్నాడు. వియ్యంకుడితో మాట్లాడుతున్నాడు. అప్పగింతల వేళ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఏదో చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మాత్రం సినిమా పాట. మూడు గంటల క్యాసెట్ మొదలు నుంచి చివరి దాకా పాటలే.

"మాట్లాడుతున్నడు గని ఏమంటున్నడో ఇనబడుతలేదు" అంది నాయినమ్మ. "ఆ పాట తీసెయ్యరాదా బిడ్డా?" అని మనుమరాలిని అడిగింది.

తీయడానికి వీలు లేదు. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలకు మిక్సింగ్‌లో పాట ఎక్కించేటప్పుడు అసలు ధ్వని తీసివేసేవారు. పోయిన మాట తిరిగి రాదు.

కెమెరా ఎలాంటిది కొనాలన్న ప్రశ్నకు ఆ ఇంట్లో జవాబు ఆ రోజే సగం దొరికింది. బొమ్మ ఎంత పెద్దది, ఎన్ని రంగులు అన్నవి తరువాత. ముందుగా మాట వినబడాలి. తీసింది ఇరవై ఏళ్ళ తరువాత కూడా చూసేందుకు వీలుండాలి.

గల్ఫ్ పెట్టెల్లో వచ్చిన వీడియో

వీడియో ఈ ప్రాంతపు పల్లెలకు చాలావరకు గల్ఫ్ దారిన వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి దేశంలో రంగుల టి.వి. ప్రసారాలు మొదలయ్యాయి. ఆ దశాబ్దంలో దుబాయి, మస్కట్, సౌదీల నుంచి సెలవు మీద వచ్చేవారి సామానులో టేప్ రికార్డరు పక్కన వి.సి.ఆర్. చేరింది. కిరాయికి టి.వి., వి.సి.ఆర్. తెచ్చుకుని, వాకిట్లో చాపలు పరచుకుని, తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసిన రోజులు నడివయసు వారికి ఇంకా జ్ఞాపకమే.

వి.హెచ్.ఎస్. క్యాసెట్‌ను జపాన్‌కు చెందిన జె.వి.సి. కంపెనీ 1976లో తెచ్చింది. మొదట్లో కెమెరా వేరు, రికార్డరు వేరు. రికార్డరు బరువును భుజానికి తగిలించుకుని తీయవలసి వచ్చేది. రెంటినీ ఒకటి చేసి సోనీ కంపెనీ 1983లో బీటామూవీని, జె.వి.సి. 1984లో చిన్న క్యాసెట్ కెమెరాను తెచ్చాయి. 1985లో సోనీ 8 మిల్లీమీటర్ల టేపుతో నడిచే హ్యాండీక్యామ్‌ను అమ్మకానికి పెట్టింది. ఆ పేరు ఒక్క కంపెనీదే అయినా, చేతిలో ఇమిడే ఏ వీడియో కెమెరాకైనా మనవాళ్ళు అదే పేరు పెట్టేశారు.

1995లో మినీ డి.వి. అనే డిజిటల్ టేపు వచ్చింది. తరువాత చిన్న డి.వి.డి. బిళ్ళలు, హార్డ్ డిస్కు, మెమరీ కార్డు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కెమెరా మారినప్పుడల్లా అంతకు ముందు తీసినవి చూసే యంత్రం మూలకు చేరింది. 2016 జులైలో జపాన్ కంపెనీ ఫునాయ్ వి.సి.ఆర్.ల తయారీ ఆపివేసింది. అంతటితో కొత్త వి.సి.ఆర్. అన్నది లేకుండా పోయింది. ఇప్పుడు పల్లెల్లో బీరువాల్లో ఉన్న క్యాసెట్లు ఆడాలంటే ఎక్కడో మిగిలిన పాత యంత్రాలే ఆధారం.

ఉన్న ఫోను చాలదా?

కెమెరా కొనాలనుకునేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. జేబులో ఉన్న స్మార్ట్‌ఫోనే మంచి వీడియో తీస్తోంది. దానికి తోడు మరో యంత్రం ఎందుకు?

చాలా ఇళ్ళకు ఫోను చాలు. పగటి వెలుగులోనూ, ఇంట్లో దీపాల కిందా దగ్గరగా నిలబడి తీసేదానికి ఫోను ఏ మాత్రం తీసిపోదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. తక్కువ ధర హ్యాండీక్యాముల్లో వెలుగును పట్టే చిప్పు బాగా చిన్నది. నేటి మంచి ఫోన్లలోని చిప్పు దానికన్నా పెద్దది. అందుచేత రాత్రి బరాత్‌లోనో, బతుకమ్మ ఆట దగ్గరో చీకటి ఎక్కువైతే, ఫోను తీసిన బొమ్మే శుభ్రంగా ఉండి, చౌక హ్యాండీక్యామ్ బొమ్మ ఇసుక చల్లినట్టు మసకబారవచ్చు.

హ్యాండీక్యామ్ గెలిచే చోట్లు వేరే ఉన్నాయి. బడి వార్షికోత్సవంలో పదో వరుసలో కూర్చుని వేదిక మీద ఆడే పిల్ల ముఖం దగ్గరకు తేవాలంటే దాని జూమ్ కావాలి. ఒగ్గు కథో, పట్నాలో గంటల తరబడి జరిగితే ఆపకుండా తీయాలి. ఫోనైతే మధ్యలో కాల్ వస్తుంది, వేడెక్కుతుంది, జాగా నిండిపోతుంది. సగంలో చార్జింగ్ అయిపోతే మాట్లాడేందుకూ ఫోను ఉండదు. హ్యాండీక్యామ్‌కు బ్యాటరీ మార్చుకుంటే మళ్ళీ నడుస్తుంది.

ఫోటోలు తీసే పెద్ద కెమెరాలతో వీడియో తీద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక. వాటిలో పాత రకాలు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు వాటంతట అవే ఆగిపోతాయి. అరగంట పైన తీసే యంత్రాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఐరోపాలో సుంకం ఎక్కువ వేసేవారు. దానిని తప్పించుకునేందుకు కంపెనీలు పెట్టుకున్న కట్టడి అది. పుస్తె కట్టే వేళకు కెమెరా ఆగిపోతే ఎవరిని అడగాలి?

మైకు పిన్నుకు చోటుందా?

కెమెరాలో ఉండే మైకు దగ్గరి మాటను బాగానే పడుతుంది. పది అడుగులు దూరం పోతే చుట్టుపక్కల గోల అంతా కలిసిపోతుంది. జూమ్ చేస్తే ముఖం దగ్గరకు వస్తుంది గాని గొంతు ఉన్నచోటనే ఉంటుంది. అందుచేత కెమెరాకు బయటి మైకు పిన్ను గుచ్చే చోటు ఉందా లేదా అన్నది కొనేముందే చూసుకోవాలి.

తక్కువ ధర వాటిలో చాలావాటికి ఆ చోటు ఉండదు. ఉదాహరణకు 2015లో వచ్చిన సోనీ హెచ్.డి.ఆర్.-సి.ఎక్స్.405 చౌకలో పేరున్న కెమెరా. దానికి 30 రెట్ల జూమ్ ఉంది. మామూలు మైకు పిన్ను పెట్టే చోటు లేదు. 2017లో వచ్చిన కెనన్ హెచ్.ఎఫ్. ఆర్800 కూడా అదే తరగతిది. దానికి 32 రెట్ల జూమ్‌తో పాటు మైకు పిన్నుకు చోటు ఉంది. కాగితం మీద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. పెద్దల మాటలు దాచుకోవాలనుకునే ఇంటికి రెండింటి మధ్య చాలా దూరం ఉంది.

ఫోనుతో తీసేవారికి సులువైన దారి ఉంది. చొక్కాకు గుచ్చుకునే చిన్న కాలర్ మైకులు ఫోనుకే తగిలించే రకంవి ఇప్పుడు సెల్ షాపుల్లో దొరుకుతున్నాయి. తీగ ఉన్నవీ ఉన్నాయి, తీగ లేనివీ ఉన్నాయి. కొనేముందు ఫోను చార్జింగ్ రంధ్రానికి సరిపోతుందో లేదో చూసుకుని, అక్కడే ఒక నిమిషం మాట్లాడి విని తెచ్చుకోవాలి.

జూమ్ రెండు రకాలు

డబ్బా మీద "120 రెట్ల జూమ్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దానిని నమ్మి మోసపోయేవారు ఎక్కువ. జూమ్‌లో రెండు రకాలు. లెన్సు లోపలి అద్దాలు ముందుకు వెనక్కు జరిగి దూరపు బొమ్మను దగ్గరకు తెచ్చేది ఆప్టికల్ జూమ్. ఇది అసలు జూమ్. తీసిన బొమ్మలో నడిమి ముక్కను కత్తిరించి పెద్దది చేసి చూపేది డిజిటల్ జూమ్. పాసుపోర్టు ఫోటోను గోడ క్యాలెండరంత సాగదీసినట్టు ఉంటుంది.

పేరు లేని కంపెనీల కెమెరాలు "4కె, 48 మెగాపిక్సెల్" అన్న రాతలతో ఆన్‌లైనులో చౌకగా దొరుకుతాయి. వాటిలో చాలావాటికి కదిలే లెన్సే ఉండదు, ఉన్నదంతా డిజిటల్ జూమే. చిన్న చిప్పు పట్టిన బొమ్మను లోపల లెక్కలు కట్టి పెద్ద అంకెగా చూపుతారు. చూసి తెలుసుకునే ఉపాయం సులువైనదే. షాపులో ఎదుటి గోడ మీద క్యాలెండరు అంకెలను జూమ్ చేసి అర నిమిషం తీయాలి. దానిని చిన్న తెర మీద కాక టి.వి.లో చూడాలి. అంకెల అంచులు స్పష్టంగా ఉంటే ఆ జూమ్ నిజమైనది. పాకినట్టు ఉంటే డబ్బా మీద రాసింది మాటలే.

జూమ్ పెరిగిన కొద్దీ చెయ్యి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది. కెమెరా వణుకును తనంతట తానే సరిదిద్దుకునే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది. అది లెన్సులోనే ఉన్న రకం మేలు. ఏది ఉన్నా మూడు కాళ్ళ స్టాండు ఒకటి కొనుక్కుంటే ఆ ఖర్చు వృథా కాదు.

ట్యూబులైటు కింద చారలు

పందిట్లో తీసిన వీడియోలో బొమ్మ మీద నల్లని చారలు పాకడం, వెలుగు కొట్టుకోవడం చాలామంది చూసే ఉంటారు. కెమెరా చెడిపోయిందని అనుకుంటారు. కారణం కరెంటులో ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలతో నడుస్తుంది. ట్యూబులైటు, కొన్ని చౌక ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు 100 మార్లు వెలిగి తగ్గుతుంటాయి. మన కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు 25 లేదా 50 బొమ్మలు తీసే కెమెరా ఈ లయకు సరిపోతుంది. 30 లేదా 60 తీసేది తప్పిపోతుంది.

అమెరికా కరెంటు 60 ఆవృతాలది. అక్కడ అమ్మే కెమెరాలు 30, 60 లెక్కతో వస్తాయి. కొన్నిటిలో దానిని మార్చుకునే వీలే ఉండదు. అందుచేత అమెరికాలో ఉన్న పిల్లలతో కెమెరా తెప్పించుకునేవారు 50 హెర్ట్జ్ లేదా పాల్ అన్న పద్ధతికి మార్చే వీలుందా అని ముందే అడగాలి. దుబాయిలో కరెంటు మన మాదిరిగానే 50 ఆవృతాలది, టి.వి. పద్ధతి కూడా మనదే. చార్జరు మూడు పిన్నులు మాత్రం వేరే ఆకారంలో ఉంటాయి, దానికి అడాప్టరు కావాలి. గ్యారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో బిల్లు చేతికి తీసుకోకముందే అడగడం మంచిది.

ఫోన్లలో కూడా కెమెరా సెట్టింగుల్లో 50 హెర్ట్జ్ అన్న మీట చాలావాటికి ఉంటుంది. దానిని ఒకసారి నొక్కి పెట్టుకుంటే చారల బాధ చాలావరకు పోతుంది.

పది రూపాయల్లో ఆరే కెమెరాకు

చేతిలో ఉన్న డబ్బంతా కెమెరాకే పెట్టేవారు తరువాత చిక్కులో పడతారు. పది రూపాయలు ఉంటే ఆరు కెమెరాకు పెట్టి, నాలుగు మిగుల్చుకోవడం మంచి లెక్క. ఆ నాలుగుతో అదనపు బ్యాటరీ, మంచి మెమరీ కార్డు, మైకు, దాచుకునే హార్డ్ డిస్కు కొనాలి.

కెమెరాతో వచ్చే బ్యాటరీ గంటా గంటన్నర దాటడం కష్టం. పెళ్ళి పొద్దంతా జరుగుతుంది. బ్యాటరీ ఊడదీసి మార్చుకునే వీలున్న కెమెరానే తీసుకోవాలి. అదనపు బ్యాటరీ ఆ నమూనాకు దొరుకుతుందా అని ముందే చూసుకోవాలి.

మెమరీ కార్డులో ఎంత పడుతుందన్న లెక్క కూడా తేలికే. మామూలు హెచ్.డి. వీడియో సెకనుకు 17 మెగాబిట్లతో తీస్తే గంటకు ఏడున్నర గిగాబైట్ల పైచిలుకు అవుతుంది. 64 గిగాబైట్ల కార్డులో దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది. అదే 4కె వీడియో 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 గిగాబైట్లు కావాలి. అదే కార్డు గంటన్నర రాకముందే నిండుతుంది. ఇంట్లో పెద్ద టి.వి. లేనివారికి, దాచేందుకు పెద్ద హార్డ్ డిస్కు లేనివారికి హెచ్.డి. చాలు.

పేరున్న కంపెనీ పేరుతో నకిలీ కార్డులు కూడా బజారులో ఉన్నాయి. 64 అని రాసి ఉంటుంది, లోపల పట్టేది అందులో పావు వంతు కూడా ఉండదు. కార్డు కొన్న వెంటనే నిండుగా ఒకసారి తీసి, మొదటి నుంచి చివరి దాకా ఆడించి చూడాలి. ఆ పని పెళ్ళికి ముందే కావాలి.

చాలా కెమెరాలు పొడుగు వీడియోను నాలుగేసి గిగాబైట్ల ముక్కలుగా కోసి పెడతాయి. చూసినవారు వీడియో తెగిపోయిందని కంగారు పడతారు. పోయింది ఏమీ ఉండదు. కార్డులోని ఫోల్డరు మొత్తాన్ని అలాగే కంప్యూటరులోకి ఎక్కించుకుంటే ముక్కలన్నీ వరుసగా దొరుకుతాయి.

పాతది కొనేవారికి

చిన్న ధర హ్యాండీక్యాములు కొత్తవి షాపుల్లో కనిపించడం తగ్గింది. ఫోన్లు ఆ వ్యాపారాన్ని తినేశాయి. అందుచేత చాలామంది వాడినవి కొంటున్నారు. అలాంటివారు మొదట చూడవలసింది కెమెరా దేని మీద రికార్డు చేస్తుందన్నది.

టేపు మీద తీసేది ఎంత చౌకగా వచ్చినా ఈ రోజు కొనకపోవడం మంచిది. టేపులు దొరకవు, కంప్యూటరులోకి ఎక్కించే తీగకు కొత్త కంప్యూటర్లలో చోటు ఉండదు. డి.వి.డి. బిళ్ళ మీద తీసేదీ అంతే. హార్డ్ డిస్కు లోపలే ఉన్నవాటిలో ఆ డిస్కు వయసు మీరి ఉంటుంది, ఎప్పుడు ఆగుతుందో తెలియదు. మెమరీ కార్డు మీద తీసేదే మేలు.

తరువాత లెన్సు మీద టార్చి వెలుగు వాలుగా వేసి చూడాలి. లోపల సాలెగూడు వంటి తెల్లని పోగులు కనిపిస్తే బూజు పట్టినట్టు. అది తుడిస్తే పోదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే తిరిగి ఇచ్చివేయాలి. జూమ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగుసార్లు నడిపి చప్పుడు వినాలి. పది నిమిషాలు ఆపకుండా తీసి, దానిని టి.వి.లో చూసి, చెవి పెట్టి విని, ఆ తరువాతే డబ్బు చేతికి ఇవ్వాలి.

స్టూడియో వారిని పిలిచినా

ఇంట్లో కెమెరా ఉన్నా పెళ్ళికి స్టూడియో వారిని పిలవక తప్పదు. ఇంటివారు పెళ్ళి పనుల్లో ఉంటారు. అయితే బేరం కుదుర్చుకునే రోజునే ఒక మాట గట్టిగా చెప్పాలి. పాటలు కలిపి తయారుచేసిన వీడియోతో పాటు, పాటలు కలపని అసలు వీడియో మొత్తం కూడా ఇవ్వాలని అడగాలి. హార్డ్ డిస్కు మనమే కొని ఇస్తే వారికి పెద్ద పని ఉండదు. పెళ్ళయి నెలలు గడిచాక అడిగితే, జాగా కోసం చెరిపేశామన్న జవాబు రావచ్చు.

అప్పగింతల వంటి వేళల్లో బ్యాండు కాసేపు ఆపించడం పెద్దల చేతిలో పని. అయిదు నిమిషాలు ఆగితే ఆ మాటలు దక్కుతాయి.

బీరువాలో పాత క్యాసెట్లు ఉన్నవారు వానాకాలం రాకముందే వాటిని బయటికి తీసి చూడాలి. క్యాసెట్ కిటికీ లోంచి టేపు చుట్ట మీద తెల్లని మచ్చలు కనిపిస్తే బూజు పట్టినట్టు. దానిని ప్లేయరులో పెట్టకూడదు. టేపు తెగుతుంది, ప్లేయరు పాడవుతుంది, ఆ తరువాత పెట్టిన క్యాసెట్‌కు కూడా బూజు అంటుతుంది. శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వాలి. మార్పించేటప్పుడు కొత్త పాటలు, రంగుల చట్రాలు కలపవద్దని చెప్పాలి. పాత క్యాసెట్‌ను అక్కడ వదిలి రాకుండా తిరిగి తెచ్చుకోవాలి.

తీసింది దాచేదెక్కడ?

మెమరీ కార్డు తీయడానికి పనికివచ్చేది, దాచడానికి పనికివచ్చేది కాదు. పెళ్ళి ముగిసిన వారంలోనే వీడియోను రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించాలి. ఒకటి పుట్టింట్లో, ఒకటి అత్తవారింట్లో ఉంచుకుంటే, ఒక ఇంట్లో పాడైనా రెండో చోట ఉంటుంది. ఏడాదికి ఒకసారి, పండుగ పూటో పెళ్ళి రోజునో, తగిలించి ఆడుతున్నదో లేదో చూసుకోవాలి. ఆడకపోతే రెండో దాని నుంచి మళ్ళీ ఒకటి చేయించుకోవాలి.

వాట్సాప్‌లో పంపినదే చాలు అనుకోవడం పొరపాటు. మామూలుగా పంపితే అది వీడియోను బాగా కుదించి పంపుతుంది. అసలుది ఫోనులో చెరిపేస్తే మిగిలేది ఆ మసక బొమ్మే.

ఎవరెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాసి డిస్కుతో పాటు ఉంచడం ఇంకా మంచి పని. 1991 నాటి క్యాసెట్‌లో పందిట్లో కూర్చున్న సగం మంది పేర్లు ఈ ఇంట్లో నాయినమ్మకు ఒక్కదానికే తెలుసు.

ముందుగా తీసింది నాయినమ్మనే

ఇన్నీ తెలుసుకున్నాక మనుమరాలు తండ్రికి చెప్పిన జవాబు చిన్నది. "డాడీ, పెద్ద కెమెరా వద్దు. బట్టలకు పెట్టుకునే మైకు ఒకటి, మంచి హార్డ్ డిస్కులు రెండు పట్టుకరా. ఫోను నా దగ్గర ఉండనే ఉన్నది." పొలం పనుల ఖర్చు, పెళ్ళి ఖర్చు కళ్ళ ముందున్న ఇంటికి ఆ లెక్క సరిపోయింది. మున్ముందు పిల్లలు పుట్టి, బడి వేదికలు ఎక్కే రోజున జూమ్ ఉన్న కెమెరా సంగతి చూడవచ్చునని తల్లి కూడా అంది.

మైకు వచ్చేదాకా కూడా ఆమె ఆగలేదు. ఒక మధ్యాహ్నం నాయినమ్మను వసారాలో కూర్చోబెట్టింది. టి.వి. ఆపింది. ఫ్యాను కూడా ఆపింది, దాని రొద మాటను మింగేస్తుందని. వెలుగు నాయినమ్మ ముఖం మీద పడేట్టు కుర్చీ తిప్పింది. ఫోనును డబ్బాకు ఆనించి, చెయ్యి తగలకుండా, మూడడుగుల దూరంలో పెట్టింది.

"నాయినమ్మా, అత్తమ్మ అప్పగింతల కాడ తాత ఏమన్నడు? నీకు యాదికున్నదా?"

ముసలామె కొంతసేపు ఊరుకుంది. తరువాత చెప్పింది.

"యాదికి లేకేంది బిడ్డా. పక్కనే ఉంటి గద. మెల్లగ పొండ్రి, చీకటైతున్నది, వాగు కాడ బండి పైలం అన్నడు. ఇంకేమన్లే. ఏడ్పు ఆపుకున్నడు."

ఆ వీడియో నిడివి పద్నాలుగు నిమిషాలు. ఎనభై దాటిన నాయినమ్మ గొంతు అందులో స్పష్టంగా ఉంది. ఒక కాపీ అదే సాయంత్రం ఆడపడుచు ఇంటికి పోయింది. మాఘమాసం దాకా అప్పుడప్పుడూ మరి కొన్ని తీయాలని మనుమరాలు అనుకుంటోంది. పాత క్యాసెట్‌లో కనిపించే వారి పేర్లు వరుసగా చెప్పించే పని ఇంకా మిగిలే ఉంది.